తదనంతరం: బుచ్చమ్మ నుంచి మా పెద్దమ్మ దాకా

కన్యాశుల్కం మీద వచ్చిన విమర్శలో మధురవాణికి దక్కినన్ని పేజీలు బుచ్చమ్మకి దక్కలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మధురవాణి మాట్లాడుతుంది, బుచ్చమ్మ వింటుంది. మాట్లాడే పాత్ర మీద వ్యాసం రాయడం తేలిక. గిరీశం మీద అయితే మరీ తేలిక, సగం వ్యాసం వాడే రాసిపెడతాడు. బుచ్చమ్మ దగ్గరికి వచ్చేసరికి మనం "అమాయక బాల వితంతువు" అని ఒక మాట అనేసి, ఆమె పూనాకి వెళ్ళిపోయాక చప్పట్లు కొట్టి లేచిపోతాం.

ఆ నాటకాన్ని ఈమధ్య మళ్ళీ చదివాను. ఈసారి పక్కన ఆ కాలపు ఆస్తి చట్టం కూడా పెట్టుకున్నాను. నేను లాయర్ని కాను, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. అయితే ఏ షరతు నిజమైతే ఏం జరుగుతుందో చూడడమే మా రోజువారీ పని కాబట్టి, చట్టం చదవడం అనుకున్నంత పరాయిగా అనిపించలేదు. ఆ పఠనం బుచ్చమ్మని నాకు వేరేగా చూపించింది.

1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం అనగానే మనకి విద్యాసాగర్ గుర్తొస్తాడు. తర్వాత 1881 డిసెంబరులో వీరేశలింగం రాజమండ్రిలో జరిపించిన మొదటి పెళ్ళి. స్కూల్లో అంతవరకే చెప్పారు. ఆ చట్టంలో మొదటి సెక్షన్ వితంతువు పెళ్ళి చెల్లుతుంది అంటుంది. రెండో సెక్షన్ ఆ పెళ్ళికి ధర చెప్తుంది. చనిపోయిన భర్త ఆస్తిలో ఆమెకి మనోవర్తిగా గానీ వారసత్వంగా గానీ ఏ హక్కు వున్నా, మళ్ళీ పెళ్ళి చేసుకున్న క్షణాన అది ఆగిపోతుంది. ఎలా ఆగిపోతుంది? ఆమె అప్పుడే చనిపోయినట్టుగా. ఆ పోలిక నేను కల్పించింది కాదు, చట్టంలోదే. భర్త తరఫున వరసలో తర్వాత వున్న వారసులు ఆ ఆస్తి తీసుకుంటారు. సంఘ సంస్కరణ చరిత్రలో అంత గొప్పగా చెప్పుకునే చట్టం, పెళ్ళికూతుర్ని పీటల మీదే చనిపోయినట్టు లెక్క వేస్తుందని నాకు ముప్పై దాటేదాకా తెలీదు.

ఆ హక్కు కూడా ఎలాంటిదో చూడాలి. ఉమ్మడి కుటుంబంలో భర్త పోతే వితంతువుకి దక్కేది తిండీ బట్టా మాత్రమే. భర్త వేరుపడి, కొడుకులు లేకుండా పోతే ఆస్తి ఆమె చేతికి వచ్చేది. వచ్చినా, బతికున్నన్నాళ్ళూ అనుభవించడానికే. పంట తినొచ్చు, కౌలుకి ఇవ్వొచ్చు. అమ్మాలంటే మాత్రం "తప్పనిసరి అవసరం" చూపించాలి: భర్త అప్పులు, భర్త కర్మకాండ, కూతురి పెళ్ళి, అలాంటివి. ఆమె పోయాక భూమి ఆమె వారసులకి వెళ్ళదు. వెనక్కి తిరిగి భర్త వారసులకి వెళ్తుంది. వాళ్ళనే రివర్షనర్లు అన్నారు. ఆమె బతికుండగా వాళ్ళకి ఆ భూమిలో సెంటు హక్కు లేదు, వున్నది ఆశ మాత్రమే. కానీ ఆ ఆశతోనే కోర్టుకి వెళ్ళి, ఆమె భూమిని పాడుచేస్తోందనీ, చేసిన అమ్మకం చెల్లదనీ దావా వెయ్యొచ్చు. కొనేవాడికి ఇదంతా తెలుసు. రేపు ఆమె పోయాక ఏ మరిది కొడుకో వస్తాడని భయం. అందుకని ధర తగ్గించి అడుగుతాడు, లేదా ఆ మరిది కొడుకు సంతకం కూడా పట్టుకురమ్మంటాడు.

ఈ సంతకం సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని వుంది.

ఇంకో తీర్పు చూడకపోతే బొమ్మ పూర్తి కాదు. 1880లో ప్రీవీ కౌన్సిల్ మణిరామ్ కొలితా కేసులో ఒక ప్రశ్న తేల్చింది. భర్త ఆస్తి ఒకసారి వితంతువు చేతికి వచ్చాక, ఆమె "నడత చెడితే" ఆ ఆస్తి పోతుందా? పోదు అన్నారు. అస్సాం నుంచి వెళ్ళిన కేసే అయినా దేశమంతా అదే దారి అయింది. ఇప్పుడు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టండి. వారసత్వంగా భూమి వచ్చిన వితంతువు ఎవరితోనైనా సంబంధం పెట్టుకుంటే భూమి వుంటుంది. అతన్నే పెళ్ళి చేసుకుంటే భూమి పోతుంది. కన్యాశుల్కం మొదటిసారి విజయనగరంలో ఆడింది 1892లో. అంటే నాటకం చూస్తున్న వకీళ్ళకీ, సంస్థానం ఉద్యోగులకీ ఇది పాత కబురే.

బుచ్చమ్మకి భర్త తాలూకు ఎన్ని ఎకరాలు దక్కి వుండేవి అన్న లెక్క నాకు అక్కర్లేదు. నాకు కావలసింది ఆమె నిలబడ్డ చోటు. తండ్రి అగ్నిహోత్రావధాన్లు దావాలమారి. గిరీశం ఆ ఇంట్లో కాలు మోపి కుదురుకోవడానికి పనికొచ్చింది వాడి ఇంగ్లీషూ, దావా కాగితాలూ. కోర్టు ఇంటి అరుగు దాకా వచ్చేసిన కుటుంబం అది. ఆ ఇంట్లో మగవాళ్ళు భూమి కోసం ఏళ్ళ తరబడి పోట్లాడుకోవచ్చు, ఆడపిల్లని రూపాయల్లో లెక్కగట్టొచ్చు, ఆమె మాత్రం దేన్నీ పూర్తిగా తనది అనుకోలేదు. గిరీశం ఆమెని కదిలించడానికి వాడిన పెద్ద ఆయుధం ప్రేమ కూడా కాదు, చెల్లెలి పెళ్ళి ఆగుతుందన్న ఆశ. తనదంటూ ఏమీ లేని మనిషిని ఇంకొకరి కోసం కదలమనడం సులువు. గిరీశానికి అది తెలుసు.

ముగింపు మీద మనవాళ్ళకి చాలాకాలంగా ఒక అసంతృప్తి వుంది. సౌజన్యారావు పంతులు అంతటి సంస్కర్త, బుచ్చమ్మకి పెళ్ళి చెయ్యకుండా పూనా విడోస్ హోంకి పంపడం ఏమిటి, గురజాడ వెనక్కి తగ్గాడా అని. గిరీశంలాంటివాడికి కట్టబెట్టకపోవడమే మేలు కదా అని ఇంకొందరు సర్దిచెప్తారు. ఈ రెండు వాదనలూ పెళ్ళికొడుకు గుణం చుట్టూనే తిరుగుతాయి. చట్టం పక్కన పెట్టుకుని చదివితే పూనా నాకు మరోలా కనిపించింది. ఆ ఒక్క దారిలోనే ఆమె ఎవరి భార్యగానూ, ఎవరి వితంతువుగానూ లెక్కలోకి రాదు. పుట్టింట్లో వుంటే తండ్రి దావాల మధ్య ఒక ఖర్చు. అత్తింటి హక్కు అడిగితే రివర్షనర్ల కాపలా కింద ఒక కాలపరిమితి. గిరీశాన్ని చేసుకుంటే చట్టప్రకారం చనిపోయిన మనిషి. చదువుకోడానికి వెళ్తే వీటిలో ఏదీ వెంటనే వర్తించదు. గురజాడ ఇంత లెక్క వేసి రాశాడని నేను అనను. కానీ రచయిత వేయని లెక్క కూడా నాటకంలో పనిచేస్తుంది.

అసలు వేయలేదని కూడా ధైర్యంగా చెప్పలేం. పెళ్ళిళ్ళ లెక్కలు తీయించిన సంస్థానం అది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళు 1034 అని గురజాడే ముందుమాటలో రాశాడు. మొదటి కూర్పు అచ్చయిన 1897లోనే ఆనంద గజపతి పోయారు, సంతానం లేకుండా. ఆ తర్వాత సంస్థానం వారసత్వం మీద పెద్ద వ్యాజ్యం నడిచింది. గురజాడ ఆనంద గజపతి సోదరి రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా వుంటూ ఆ వ్యవహారాల్లో మునిగిపోయాడు. బాగా పెరిగి, దాదాపు కొత్త నాటకమై వచ్చిన రెండో కూర్పు 1909ది. మధ్యలోని పన్నెండేళ్ళూ ఆయన చుట్టూ వున్నది దత్తతలు, వారసులు, ఎవరి తర్వాత ఎవరు అన్న గొడవే. సౌజన్యారావుని వకీలుగా పెట్టడం, కథని కోర్టు వైపు నడిపించడం ఊరికే జరిగిన విషయాలుగా నాకు తోచవు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఇదంతా అగ్రహారం కథ, మా వైపు చాలా కులాల్లో మారుమనువు మొదట్నుంచీ వుంది, వాళ్ళకి 1856 చట్టంతో పనేమిటి అని. న్యాయమైన ప్రశ్నే. అలహాబాద్ హైకోర్టు అదే మాట అంది: ఆచారం ప్రకారం మళ్ళీ పెళ్ళి చేసుకునే కులాల్లో ఆస్తి పోనక్కర్లేదు. మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. మనం మద్రాసు కింద వున్నాం. అలా అగ్రహారానికి చేసిన సంస్కరణ తాలూకు శిక్ష, దాని అవసరమే లేని వాడల్లోకీ వచ్చింది. దీని మీద ఒక మంచి కథ రావలసింది. నా కంటపడలేదు.

చట్టం తర్వాత మారింది. 1937లో వితంతువుకి ఉమ్మడి ఆస్తిలో భర్త వాటా ఇచ్చారు గానీ, అదీ బతికున్నన్నాళ్ళకే. 1956 వారసత్వ చట్టం పద్నాలుగో సెక్షన్ ఆ గొలుసు తెంపింది. హిందూ స్త్రీ చేతిలో వున్న ఆస్తి ఇకనుంచి పూర్తిగా ఆమెదే అంది. వెంటనే రెండో ఉపసెక్షన్‌లో ఒక కిటికీ తెరిచిపెట్టింది: వీలునామా, దానపత్రం, కోర్టు డిక్రీ లాంటివి షరతు పెట్టి ఇస్తే ఆ షరతు నిలుస్తుందని. ఈ రెండు వాక్యాల మధ్య ఎంతమంది ఆడవాళ్ళు ఇరుక్కున్నారో లెక్క తీయడం నా వల్ల కాదు.

వాళ్ళలో ఒకరి పేరు న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. తులశమ్మ, మన తెలుగావిడే. భర్త 1931లో పోయాడు. మనోవర్తి కోసం 1944లో మరిది శేషారెడ్డి మీద కోర్టుకెక్కింది. 1949లో రాజీ కుదిరి, మనోవర్తికి బదులుగా కొంత ఆస్తి ఆమెకి ఇచ్చారు, జీవితకాలం అనుభవించే షరతు మీద. 1960లో ఆమె అందులో కొంత కౌలుకి ఇచ్చింది, 61లో కొంత అమ్మింది. అమ్మే హక్కు నీకెక్కడిదని అతను దావా వేశాడు. కింద కోర్టు ఒకలా, పై కోర్టు ఒకలా చెప్పగా, 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. మనోవర్తి ఆమెకి ముందునుంచీ వున్న హక్కు, ఆ హక్కుకి బదులుగా వచ్చిన భూమి కొత్తగా పెట్టిన భిక్ష కాదు, కాబట్టి కాగితంలో ఏ షరతు రాసినా ఆమె పూర్తి యజమానే. నవల్లా వుంటుంది ఆ కేసు: నలభై ఆరేళ్ళ వైధవ్యం, మధ్యలో స్వాతంత్ర్యం. రాయగలిగినవాళ్ళు ఎవరైనా పూనుకోవాలి.

తులశమ్మ తీర్పుని నేను సాహిత్యాభిరుచితో చదవలేదు. మా తాతగారి వీలునామా అర్థం కాక చదివాను.

గరివిడికి దగ్గర్లో మాకు కొంచెం పల్లం భూమి వుంది. అందులో ఎనభై సెంట్లు మా పెద్దమ్మ పేర వున్నాయి. పెదనాన్న చాలా చిన్నప్పుడే పోయాడు, పిల్లల్లేరు. తాతగారు వీలునామాలో ఆమెకి ఆ మడి రాశారు. ఆ తెలుగు చూడాలి. కొడుకులకి రాసిన పేరాలో "పుత్ర పౌత్ర పారంపర్యంగా దాన విక్రయాది సర్వ హక్కులతో" అని గుర్రం పరుగెత్తినట్టు పరుగెత్తే వాక్యం, పెద్దమ్మ పేరాలోకి వచ్చేసరికి నడక నెమ్మదిస్తుంది: "తన పోషణ నిమిత్తం యావజ్జీవం అనుభవించుకొని, దాన విక్రయములు చేయక, తదనంతరం నా రెండవ కుమారుని సంతానమునకు చెందవలెను." రెండవ కుమారుడు మా నాన్న. సంతానం నేనూ, చెల్లీ. అంటే నలభై ఏళ్ళుగా మా పెద్దమ్మ పోయే రోజు కోసం చట్టం మమ్మల్ని ఒక వరసలో నిలబెట్టి వుంచింది. పండక్కి వెళ్తే అరిసెలు కట్టిచ్చే మనిషి వెనకాల నేను రివర్షనర్ని.

ఆ వాక్యం మొత్తంలో బరువంతా ఒక్క ముక్క మీద వుంది: "పోషణ నిమిత్తం". తులశమ్మ తీర్పు ప్రకారం ఆ ముక్క వుంటే, పోషించమని అడిగే హక్కు ఆమెకి ముందే వుందని చూపిస్తే, "దాన విక్రయములు చేయక" అన్నది కాగితం మీద సిరా. ఆ ముక్క లేకపోతే ఆమె జీవితాంతం అద్దెకున్న మనిషి. దస్తావేజు రాసినాయన అలవాటుగా రాశాడో ఆలోచించి రాశాడో తెలీదు. ఇంత బరువు మోసే పదబంధాలు మన కవిత్వంలో కూడా తక్కువ.

ఇంటి పైకప్పు బాగుచేయించుకోవాలని పోయినేడాది పెద్దమ్మ ఇరవై సెంట్లు అమ్ముదామనుకుంది. ఫేకర్ ఫ్యాక్టరీ వచ్చిన రోజుల్లో ఒకసారి, పశువైద్య కాలేజీ వచ్చాక మరోసారి అక్కడ భూమి మాట పెరిగింది, కొనేవాడు సులువుగానే దొరికాడు. "నీ సంతకం కూడా కావాలంతన్నాడు నాయినా" అని ఫోన్ చేసింది. నీ భూమికి నా సంతకం ఎందుకు పెద్దమ్మా, అది నీదే అన్నాను. తీర్పు గురించి నాకు వచ్చినట్టు చెప్పాను. ఓపిగ్గా విని, "నాదేటిరా? నానున్నన్నాళ్లే నాది. మీ తాత అలాగే రాసినాడు కదా" అంది. తీర్పు కంటే మామగారి వాక్యం మీదే ఆమెకి నమ్మకం. కొనేవాడికీ అంతే. డాక్యుమెంట్ రైటర్‌కీ అంతే. 1977లో సుప్రీంకోర్టు ఏం చెప్పినా, 2024 డిసెంబరులో అదే కోర్టు ఈ రెండు ఉపసెక్షన్ల మీద తీర్పులు ఒకదానికొకటి పొసగడం లేదని విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపిందంటే, వాళ్ళ భయాన్ని తప్పుపట్టలేను. చెల్లీ నేనూ వెళ్ళి సంతకాలు పెట్టాం. బుచ్చమ్మ కాలంలో మరిది కొడుకు పెట్టిన సంతకం లాంటిదే.

ఇంకోటి కూడా అప్పుడే కనిపించింది. 1956 నాటి మనోవర్తి చట్టం పంతొమ్మిదో సెక్షన్, వితంతువైన కోడల్ని మామగారు ఉమ్మడి ఆస్తి లోంచి పోషించాలంటుంది. ఆ బాధ్యత ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోతుంది అని కిందే రాసి వుంది. 1856 నాటి చట్టాన్ని 1983లో రద్దు చేశారు. మళ్ళీ పెళ్ళి చేసుకున్న కొందరు వితంతువులకి వారసత్వం లేదన్న సెక్షన్‌ని 2005లో తీసేశారు. ఈ ముక్క మాత్రం ఇప్పటికీ అక్కడే కూర్చుని వుంది. పెద్దమ్మకి అప్పట్లో మారుమనువు మాట వచ్చిందనీ, ఆమే వద్దందనీ ఇంట్లో చెప్పుకుంటారు. ఎందుకు వద్దందో నేను ఎప్పుడూ అడగలేదు, అడిగే వయసు నాది కాదు.

ఇక మన సాహిత్యం. ఉత్తరాంధ్ర కథల్లో భూమి పోవడం వుంది, చాలా గొప్పగా వుంది. కారా మాస్టారి 'యజ్ఞం'లో అప్పల్రాముడి భూమి అప్పు కింద పోతుంది, కొడుకు సీతారాముడు ఆ అప్పు తన బిడ్డ దాకా రాకుండా ఆపిన తీరు చదివినవాళ్ళు మర్చిపోరు. అక్కడ తండ్రి నుంచి కొడుకుకి, కొడుకు నుంచి పసివాడికి దిగేది బరువు. నేను వెతుకుతున్నది దానికి పక్కనున్న ఇంకో స్థితి: భూమి పోలేదు, చేతిలోనే వుంది, పండుతోంది, కానీ పూర్తిగా నీది కాదు. పోయినవాడి కథలో నాటకీయత సహజంగానే వుంటుంది. షరతు మీద వున్నదాంట్లో ఏమీ జరగదు, నలభై ఏళ్ళపాటు. ఆ జరగకపోవడాన్ని రాయడం కష్టమని నేను ఒప్పుకుంటాను. కష్టం కదా అని వదిలేసేంత చిన్న విషయం మాత్రం కాదు.

ఎందుకంటే ఈ స్థితిలో వున్నది వితంతువులు మాత్రమే కాదు. తులశమ్మకి షరతు తీసేసిన 1977లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చింది. భూమిలేని పేదలకి సర్కారు ఇచ్చిన డి-పట్టా భూమిని దున్నుకోవచ్చు, పిల్లలకి వారసత్వంగా ఇవ్వొచ్చు, అమ్మకూడదు. అమ్మితే చెల్లదు. అధికారులు ఆ భూమిని వెనక్కి తీసుకుని మొదటి పట్టాదారుకో అతని వారసులకో ఇస్తారు, అది కుదరకపోతే సర్కారే ఉంచుకుంటుంది. ఇక్కడ రివర్షనర్ ప్రభుత్వం. షరతు ఎందుకు పెట్టారో తెలుసు: కరువొచ్చిన ఏడాది షావుకారు సగం ధరకి రాయించుకోకుండా. అది చాలామందిని కాపాడింది కూడా. దాన్ని దుర్మార్గం అనేసే తొందర నాకు లేదు. కానీ వితంతువుకి అమ్మే హక్కు ఇవ్వనప్పుడు కూడా ఇదే చెప్పారు, ఆమెకి లోకం తెలీదు, ఎవరో మోసం చేస్తారు అని. 2023లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన భూములకి పూర్తి హక్కు అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక, అవకతవకలు జరిగాయంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు.

మా వైపు సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు పిల్లాడికి ఎన్ని ఎకరాలని అడిగి ఊరుకోరు. జిరాయితీయా, డి-పట్టావా అని రెండో ప్రశ్న వేస్తారు. రెండోది అని చెప్పాక ఆ ఇంటి అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడరు, ఎవరో ఒకరు కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్తారు.